బడి పంతులే భారత జట్టు కోచ్: రహీం మాస్టారి జీవితం మనకు చెప్పేది

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ, గుణవంత విద్యార్థుల సత్కార సభలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏడూ ఒక డాక్టరు గారో, ఇంజనీరు గారో, చార్టర్డ్ అకౌంటెంటు గారో మాట్లాడడం ఆనవాయితీ. ఈసారి పీటీ సారును పిలిచారు. మన షోలాపూర్ తూర్పు భాగంలోని బడిలో 33 ఏళ్లు ఈల పట్టుకొని నిలబడ్డవాణ్ని. చదువు విలువ చెప్పడానికి నాకంటే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను ఒక పంతులు గారి కథ చెప్తాను. ఆయన జీవితమంతా బడికీ మైదానానికీ మధ్యనే గడిచింది. అందులో మన పిల్లలకూ, మన ఇళ్లకూ పనికొచ్చే సంగతి ఉంది.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. మన తాతముత్తాతలు ఏ నిజాం రాజ్యం నుంచి మగ్గం సామాను మూటగట్టుకొని షోలాపూరుకు వచ్చారో, ఆ రాజ్యంలోనే ఆయన పెరిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, ఆ విశ్వవిద్యాలయం తరఫున ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక బడి పంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ తర్వాత భారత జట్టుకు కోచ్. ఇంత దూరం వెళ్లినా హైదరాబాదులో ఆయన్ను అందరూ గుర్తుపెట్టుకున్నది బడి పంతులుగానే.

ఆయన గెలిచినవి ముందు చెప్తాను, ఎందుకంటే పిల్లలు అదే అడుగుతారు. సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి అంతవరకు వెళ్లిన మొదటి జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారు పతకం. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన దేశానికి మళ్లీ రాలేదు. 2024లో ఆయన జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు.

గెలుపుల మధ్యలో ఒక ఓటమి ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1తో ఓడించింది. మన ఆటగాళ్లలో ఎక్కువమంది చలిలో ఉత్త కాళ్లతో ఆడారు. అలవాటు అదే మరి. ఆ తర్వాత మన దేశంలో బూట్లు వేసుకొని ఆడడం నియమమైంది. నాలుగేళ్లలో అదే కోచ్, అదే దేశం, ఒలింపిక్ సెమీఫైనల్‌కు వెళ్లింది. ఆ నాలుగేళ్లలో ఏం జరిగిందన్నది తెలుసుకోవలసిన విషయం.

రహీం మాస్టారు పిల్లల కోసం చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకొని ఒక్కడే పరిగెత్తకూడదు, రాగానే తోటివాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడి వాటం వాడు ఎడమ కాలితో, ఎడమ వాటం వాడు కుడి కాలితో. మరో పోటీలో ఒక కొలతకు మించి ఎత్తున్న పిల్లల్ని రానిచ్చేవారు కాదు, పొట్టి పిల్లలకు కూడా బంతి దొరకాలని. ఇందులో ఖర్చేమీ లేదు, పెద్ద సామానేమీ లేదు. నియమం ఒక్కటి మార్చారు, అంతే. ఆ ఒక్క నియమంతో పిల్లవాడు తప్పించుకోలేని పాఠం నేర్చుకునేవాడు. ఒంటరిగా ఆడేవాడికి కలిసి ఆడడం వచ్చేది. ఒక కాలివాడు రెండు కాళ్లవాడయ్యేవాడు.

మన ఇళ్లలో దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొత్తగా పనికొచ్చిన కుర్రాడికి మొదటిరోజే జకార్డ్ సాంచా అప్పగించరు. ముందు కండెలు చుట్టమంటారు, తర్వాత తెగిన పోగు అతకమంటారు. వేళ్లు దారికొచ్చాకే సాంచా మీద చెయ్యి వేయనిస్తారు. నేర్పేవాడికి తెలియాల్సింది అదే, ఏది ముందు, ఏది తర్వాత, ఎవరికి ఏ పని ఇస్తే నేర్చుకుంటాడు అని. రహీం మాస్టారికి అది తెలుసు. అది బడిలో నల్లబల్ల ముందు నిలబడి నేర్చుకున్న విద్య.

రెండో సంగతి. ఆయన పిల్లల ఆటతో పాటు ఇంటి పరిస్థితి కూడా చూసేవారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు ఉండేవాడు. ఆట బ్రహ్మాండంగా ఆడేవాడు, కానీ రోజూ హైదరాబాదుకు వచ్చిపోవడానికి చేతిలో పైసలు లేవు. మాస్టారు అతనికి సైకిల్ ఏర్పాటు చేశారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. జకార్తా స్వర్ణంలో భాగస్తుడయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. 2023లో కన్నుమూశారు. ఆ రోజు సైకిల్ లేకపోతే బలరాం పేరు మనకు తెలిసేది కాదు. ఈ రోజు మీరు అందుకుంటున్న కవరు కూడా అలాంటి సైకిలే అనుకోండి. అది మిమ్మల్ని మోసుకుపోదు, తొక్కాల్సింది మీరే. కానీ అది లేకుండా కొందరు బయల్దేరనే లేరు.

మూడో సంగతి, అన్నం సంగతి. సిటీ పోలీస్ జట్టులో ఆడిన కుర్రాళ్లు పోలీసు శాఖలో ఉద్యోగులు. నెల తిరిగేసరికి జీతం వచ్చేది. ఇంట్లో తండ్రి అడ్డు చెప్పకుండా ఉండడానికి అంతకంటే గట్టి మాట ఏముంటుంది? రహీం మాస్టారికి సైతం డిగ్రీ ఉంది, డిప్లొమా ఉంది, బడి ఉద్యోగం ఉంది. ఆట మీద ఎంత ప్రేమ ఉన్నా చదువు వదిలిపెట్టి మైదానంలోకి దూకిన మనిషి కాదు ఆయన. విద్యార్థులారా, ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

ఇక జకార్తా సంగతి. 1962 నాటికి ఆయనకు క్యాన్సర్. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. థాయ్‌లాండ్ మ్యాచిలో మన వెనుక వరుసకు ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తల పగిలింది, ఆరు కుట్లు పడ్డాయి. దానికి తోడు ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మన జట్టు మైదానంలోకి వస్తే గేలిచేశారు. అలాంటప్పుడు మాస్టారు ఏం చేశారంటే, కుట్లు పడ్డ జర్నైల్‌ను ఇంట్లో కూర్చోబెట్టలేదు, పాత చోటికీ పంపలేదు. వెనక ఆడేవాణ్ని తెచ్చి ముందు వరుసలో నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, అందులో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనదైంది. ఆ తర్వాత ఏడాది కూడా గడవకముందే, 1963 జూన్ 11న, రహీం మాస్టారు వెళ్లిపోయారు. ఆయనకు 53 ఏళ్లు.

కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. కానీ ఫుట్‌బాల్‌లో ఆ అవార్డు మొదట అందుకున్నది, 1990లో, హైదరాబాద్ ఫుట్‌బాల్ నుంచి ఎదిగిన సయ్యద్ నయీముద్దీనే. పంతులు పోయినా పాఠం ఆ ఊళ్లో మిగిలిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇదంతా హైదరాబాద్ ముచ్చట, మన పేటలకేం సంబంధం అని మీరు అడగవచ్చు. చెప్తాను.

మన తూర్పు భాగంలో ఫుట్‌బాల్ మైదానం అంత స్థలం ఎక్కడిది? ఇల్లూ సాంచా ఒకే కప్పు కింద ఉంటాయి. గల్లీలో చాదర్ల గాంఠలు, సూతు బస్తాలు. బడి వెనకాల ఉన్న జాగా చూసి నేను ఖోఖో, కబడ్డీ ఎంచుకున్నాను. ఖోఖోకు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు చాలు. రెండు స్తంభాలు పాతితే ఆట మొదలు. బూట్లక్కర్లేదు, బ్యాటక్కర్లేదు. ఈ ఆటకు నియమాలు మొదట రాసింది మన పుణేలోనే, 1914లో, దక్కన్ జింఖానా వాళ్లు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. భారత పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ నేపాల్‌ను ఓడించి కప్పులు గెలిచాయి. మహిళల జట్టు కెప్టెన్ ప్రియాంకా ఇంగ్లే, మహారాష్ట్ర అమ్మాయి. మన గల్లీ ఆట ప్రపంచం దాకా పోయింది.

నా బడిలో సాయంత్రం అభ్యాసం పెడితే ఆడపిల్లలు వచ్చేవారు కాదు. కారణం అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఇళ్లకు పోయి చూశాను. సాయంత్రం తునికాకు కత్తిరించే వేళ. మరుసటి రోజు తల్లి వెయ్యి బీడీలు చుట్టాలంటే ఆకు ఆ రాత్రే తయారు కావాలి, ఆ పని కూతురిది. నీళ్లొచ్చే రోజయితే ఇక అసలే కుదరదు, నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు పట్టకపోతే ఇల్లు గడవదు. అందుకని అభ్యాసాన్ని పొద్దున ఆరు గంటలకు మార్చాను. నీళ్ల రోజు మా జట్టుకు సెలవు. ఆ పేటకు నీళ్లు ఏ రోజు వస్తాయో నా నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. పక్కనున్న సార్లు నవ్వేవారు, పీటీ సారు నీళ్ల పంచాంగం రాస్తున్నాడని. కానీ పిల్లలు వచ్చారు. జట్టు నిలిచింది.

అందులో ఒక అమ్మాయి ఉండేది, పేరు చెప్పను. ఖోఖోలో పరుగు కంటే మలుపు ముఖ్యం. ఆ పిల్ల స్తంభం దగ్గర తిరిగే తీరు చూస్తే అవతలి జట్టు సార్లు కూడా ఆగి చూసేవారు. తొమ్మిదో తరగతిలో బడి మాన్పిస్తామన్నారు. ఇంటికి వెళ్లాను. తల్లి చేతిలోని బీడీ కింద పెట్టకుండానే అంది, “సారూ, ఆడపిల్ల ఉరికితే అన్నం వస్తదా?”

నేనన్నాను, “అక్కా, ఉరికితే అన్నం వస్తదని నేను మాటియ్య. కానీ ఉరికే పిల్ల బడికి వస్తది. బడికి వచ్చిన పిల్లకు పది పాసయ్యే దారుంటది. ఆ తర్వాత సంగతి పది తర్వాత మాట్లాడుకుందాం.”

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి “పది దాకనే” అంది. పది పాసయింది. జిల్లా, రాష్ట్ర పోటీల్లో ఆడింది. పన్నెండు అయింది, డిగ్రీ అయింది, తర్వాత బి.పి.ఎడ్. చేసింది. ఈ రోజు ఆమె కూడా ఒక బడిలో ఈల పట్టుకొని నిలబడుతోంది. ఆమెకు జాతీయ పతకం ఏదీ రాలేదు. కానీ ఆ ఇంట్లో ఆకు కత్తిరించే కత్తెర తర్వాతి తరం చేతికి పోలేదు. నా 33 ఏళ్ల ఉద్యోగంలో లెక్క చూసుకొమ్మంటే నేను ముందు ఇదే చూపిస్తాను.

ఇంకొక ఉదాహరణ మన పూర్వీకుల నేల నుంచే. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి పని చేసుకునే దంపతుల బిడ్డ దీప్తి జీవాంజి. పుట్టుకతో బుద్ధి ఎదుగుదలలో లోపం. చుట్టుపక్కల వాళ్లు ఎన్నో మాటలన్నారు. ఊరి బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆ పిల్ల పరుగు గమనించాడు. తర్వాత ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్ గారు ఆమెకు హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి తన విభాగంలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. ఆ దారి మొత్తానికి మొదటి మెట్టు ఎక్కడుంది? ఒక పల్లె బడి ఆవరణలో, “ఈ పిల్ల బాగా పరుగెడుతోంది” అని గమనించిన ఒక పీటీ సారు కంట్లో ఉంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక మాట. ఆడే ప్రతి పిల్లా దీప్తి కాదు, ప్రతి కుర్రాడూ బలరాం కాడు. పతకాలు వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లకే వస్తాయి. ఆట పేరు చెప్పి చదువు మానేస్తానన్న పిల్లవాడికి నేను కూడా మీలాగే వద్దనే చెప్తాను. కానీ చదువు పేరు చెప్పి ఆట మాన్పించేవాళ్లతో నేను ఒప్పుకోను. ముఖ్యంగా ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మైదానం నుంచి ఇంటికి పిలిపించడం మన పేటల్లో ఇప్పటికీ ఉంది. దయచేసి ఆ ఒక్క ఆచారం వదలండి. పొద్దున ఒక గంట ఇవ్వండి, చాలు.

విద్యార్థులకు కొన్ని పనికొచ్చే వివరాలు. వ్యాయామోపాధ్యాయులు కావాలనుకునేవారు ఏదైనా డిగ్రీ పూర్తిచేసి రెండేళ్ల బి.పి.ఎడ్. చేయాలి. మహారాష్ట్రలో దానికి సీఈటీ ఉంటుంది, రాత పరీక్షతో పాటు మైదాన పరీక్ష కూడా ఉంటుంది. కాబట్టి ఒళ్లు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. మన రాష్ట్రంలోనే అమరావతిలో 1914లో మొదలైన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలం వ్యాయామ విద్యకు పేరు పొందింది. ఒక ఆటకు కోచ్ కావాలనుకునేవారికి పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది. 1961లో మొదలైంది, అక్కడి కోచింగ్ డిప్లొమా దేశమంతా చెల్లుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అర్హత గల క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. పది, పన్నెండు పరీక్షల్లో నిర్ణీత స్థాయి పోటీల్లో ఆడినవారికి అదనపు మార్కులున్నాయి. ఆడిన ప్రతి పోటీ ప్రమాణపత్రం ఒక ఫైలులో పెట్టి దాచుకోండి. వాన నీళ్లకు తడిసి పోయిన సర్టిఫికెట్టు కోసం తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగిన పిల్లల్ని చాలామందిని చూశాను.

నిజం కూడా చెప్పాలి. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కొందరు ఏళ్ల తరబడి కొద్దిపాటి జీతానికి పనిచేస్తూ పర్మినెంటు కోసం ఎదురుచూస్తున్నారు. కాబట్టి ఇంకొక విద్య చేతిలో ఉంచుకోండి. కంప్యూటరో, లెక్కలో, ఒక భాషో. రహీం మాస్టారు కూడా ముందు తరగతి గదిలో పాఠం చెప్పి, ఆ తర్వాతే మైదానంలోకి వచ్చారు.

ట్రస్టు పెద్దలకు ఒక మనవి. మార్కుల ఆధారంగా ఇన్ని ఉపకార వేతనాలు ఇస్తున్నారు, సంతోషం. వచ్చే ఏడాది నుంచి ఆటలాడే పేద పిల్లలకు ఒకటి రెండు ప్రత్యేకంగా కేటాయించండి. పెద్ద మొత్తం అక్కర్లేదు. పోటీలకు పోవడానికి బస్సు చార్జీ, ఒక జత బూట్లు, అభ్యాసం తర్వాత తినడానికి రెండు గుడ్లు. రాష్ట్ర పోటీలకు ఎంపికై కూడా చార్జీలకు పైసలు లేక ఆగిపోయిన పిల్లలు మన పేటల్లో ఉన్నారు. అందులో అర్ధభాగం ఆడపిల్లలకు ఉంచాలని నా కోరిక. మొదటి సంవత్సరానికి నా ఒక నెల పింఛను నేను ఇస్తాను, ఈ రోజే రాసుకోండి.